భావితం: బ్రహ్మగుప్తుడి కాలం నుంచి బ్యాంకు తాళాల దాకా

అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు లెక్కల పోటీలు కొత్త కాదు. మ్యాథ్‌కౌంట్స్ అనీ, ఏఎంసీ అనీ శని ఆదివారాల్లో తల్లిదండ్రులు కార్లలో తిప్పుతూ ఉంటారు. ఈ పోటీలకు తయారయ్యే పిల్లల్ని అడిగి చూడండి, ఒక చిట్కా పేరు తప్పకుండా చెబుతారు: 'సైమన్స్ ఫేవరెట్ ఫ్యాక్టరింగ్ ట్రిక్'. ఈ మధ్యకాలంలో అమెరికాలో పోటీ పరీక్షలు రాసిన సైమన్ అనే కుర్రవాడికి ఈ చిట్కా అంటే మహా ఇష్టమట. అందుకని తోటివాళ్ళు సరదాగా ఆ పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది.

ఈ చిట్కా క్రీస్తు శకం 1150లో భాస్కరాచార్యుడు రాసిన 'బీజగణితం' అనే గ్రంథంలో ఒక పూర్తి విభాగంగా ఉంది. అంతకు ఐదు వందల ఏళ్ళకు పైగా ముందు, 628లో బ్రహ్మగుప్తుడు రాసిన 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం'లో సూత్రంగా ఉంది. మన పెద్దలు దీనికి పెట్టిన పేరు 'భావితం'.

పాపం సైమన్ మీద ఫిర్యాదు చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అనడానికీ కాదు. అసలు ఆ పద్ధతి ఏమిటి, మనవాళ్ళు దాన్ని ఎందుకు నమ్మారు, అంటే ఋజువు ఉందా, ఇవాళ మన ఉద్యోగాల్లోకి అది ఎలా వచ్చి చేరింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకుందాం. లెక్కలంటే భయపడి పేజీ తిప్పబోతున్నవారికి ఒక మనవి: ఎనిమిదో తరగతి లెక్కలు గుర్తుంటే చాలు.

చిక్కు ఎక్కడుంది?

భాస్కరాచార్యుడి 'బీజగణితం'లో ఉన్న ఒక లెక్క ఇది. రెండు సంఖ్యలున్నాయి. మొదటిదాన్ని నాలుగుతో, రెండోదాన్ని మూడుతో గుణించి, ఆ రెండూ కలిపి, ఇంకో రెండు కలిపితే, వచ్చే మొత్తం ఆ రెండు సంఖ్యల లబ్ధానికి సమానం. ఆ సంఖ్యలేవి?

మనం బడిలో తెలియని సంఖ్యలకు ఇంగ్లీషు అక్షరాలు వాడాం. భాస్కరుడు 'యావత్-తావత్' అనే మాటలోని 'యా', 'కాలకం' అనే రంగు పేరులోని 'కా' వాడాడు. మూడోది కావాలంటే 'నీలకం'లోని 'నీ'. స్థిరపదానికి 'రూపం'లోని 'రూ'. రెండు అవ్యక్తాలు గుణించుకుంటే వచ్చేది 'భావితం', అంటే 'పుట్టించబడినది'. దానికి గుర్తు 'భా'. మనమూ ఇక్కడ ఆ అక్షరాలే వాడుకుందాం. ఎంచక్కా తెలుగులోనే సమీకరణం రాయవచ్చు:

యా × కా = 4యా + 3కా + 2

మామూలుగా రెండు తెలియని సంఖ్యలుంటే రెండు సమీకరణాలు కావాలి. ఇక్కడ ఉన్నది ఒక్కటే. కాబట్టి జవాబులు లెక్కలేనన్ని ఉంటాయి. కాకు ఏదో ఒక విలువ ఇచ్చుకుంటే యా వచ్చేస్తుంది. కా = 6 అనుకోండి, యా = 10 వస్తుంది. బాగుంది. కా = 7 అనుకుంటే యా 23లో మూడో వంతు. కా = 8 అయితే ఆరున్నర. భాస్కరుడు కూడా ముందు ఈ దారే చూపించాడు: ఒకటి తప్ప మిగతా అవ్యక్తాలకు ఇష్టమైన విలువలు ఇచ్చుకో, మిగిలినది సాధించు అన్నాడు. దానికి ఒక చక్కని ఉదాహరణ కూడా ఇచ్చాడు: నాలుగు సంఖ్యల మొత్తాన్ని 20తో గుణిస్తే ఆ నాలుగింటి లబ్ధం రావాలి. మూడింటిని 5, 4, 2 అనుకుంటే నాలుగోది 11 వస్తుంది. సరిచూసుకోండి: మొత్తం 22, దాన్ని 20తో గుణిస్తే 440. లబ్ధమూ 440.

కాని ఇందులో అదృష్టం పాలు ఎక్కువ. భిన్నాలు వద్దు, పూర్ణసంఖ్యలే కావాలి అంటే ఏం చేయాలి? మనుషులూ, ఆవులూ, నాణేలూ ఆరున్నర ఉండవు కదా. ఇవాళ్టి ప్రోగ్రామర్‌ని అడిగితే రెండు లూపులు రాసి, ఒక్కొక్కటీ ఒకటి నుంచి వెయ్యి దాకా తిప్పి, పది లక్షల జతలూ పరీక్షిస్తాడు. నాలుగు జవాబులు దొరుకుతాయి. మరి వెయ్యి దాటాక ఇంకోటి లేదని హామీ ఏమిటి? లూపుని కోటి దాకా తిప్పినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. వెతకడం వేరు, అన్నీ దొరికాయని తెలియడం వేరు.

భావితం సూత్రం

భాస్కరుడు చెప్పిన పద్ధతి ఇది. అవ్యక్తాల పక్కనున్న గుణకాలు రెండింటినీ గుణించు: 4 × 3 = 12. దానికి స్థిరపదం 2 కలుపు: 14. ఈ 14ని నీకు ఇష్టమైన సంఖ్యతో భాగించు. ఆ 'ఇష్టం', వచ్చిన భాగఫలం, ఈ రెండింటినీ గుణకాలకు కలుపు. అయితే గుణకాలు అటుదిటు అవుతాయి: యాకు 3 కలపాలి, కాకు 4 కలపాలి.

ఇష్టం 1 అయితే భాగఫలం 14. యా = 1 + 3 = 4, కా = 14 + 4 = 18.
ఇష్టం 2 అయితే భాగఫలం 7. యా = 5, కా = 11.
ఇష్టం 7 అయితే భాగఫలం 2. యా = 10, కా = 6.
ఇష్టం 14 అయితే భాగఫలం 1. యా = 17, కా = 5.

మొదటి జత సరిచూద్దాం. 4 × 18 = 72. అటువైపు 16 + 54 + 2 = 72. సరిపోయింది. మిగతావి మీరు చూడండి.

ఎందుకు ఇలా వస్తుంది? మనం బడిలో నేర్చుకున్న కారణాంక విభజనే. 4యా, 3కా పదాలను ఎడమవైపు తెచ్చి, రెండు వైపులా 12 కలిపితే ఎడమవైపు చక్కగా రెండు కుండలీకరణాలుగా విడిపోతుంది:

(యా − 3) × (కా − 4) = 14

ఇంతే సంగతి. రెండు పూర్ణసంఖ్యల లబ్ధం 14 కావాలంటే ఆ రెండూ 14కు కారణాంకాలే కావాలి. 14కు ధన కారణాంకాలు నాలుగే: 1, 2, 7, 14. రుణ కారణాంకాలు తీసుకుంటే యా, కాలలో ఏదో ఒకటి సున్నా కంటే తక్కువకు వెళ్ళిపోతుంది. కాబట్టి ధన జవాబులు నాలుగు, ఐదోది లేదు. కోటి దాకా తిప్పిన లూపు ఇవ్వలేని హామీ మూడు పంక్తుల బీజగణితం ఇచ్చింది. అనంతమైన వెతుకులాటను వేళ్ళమీద లెక్కపెట్టే పనిగా మార్చడమే ఈ పద్ధతి గొప్పతనం.

భావితం ముందు కూడా గుణకం ఉంటే? ఉదాహరణకు 2 × యా × కా = 3యా + 5కా + 1. అప్పుడు మొత్తం సమీకరణాన్ని ఆ 2తో గుణించాలి. (2యా − 5) × (2కా − 3) = 17 అవుతుంది. 17 ప్రధాన సంఖ్య, కారణాంకాలు 1, 17 మాత్రమే. జవాబులు 3, 10 ఒక జత. 11, 2 ఇంకో జత. చివర్లో ఆ గుణకంతో భాగించాలన్న సంగతి బ్రహ్మగుప్తుడి సూత్రంలోనే ఉంది.

స్థలం కొలిచి చూపిన ఋజువు

మన గణితం గురించి పాశ్చాత్య పుస్తకాల్లో చాలాకాలంగా ఒక మాట వినిపించేది: భారతీయులు సూత్రాలు చెప్పారు గాని ఋజువులు ఇవ్వలేదు, ఋజువు అనేది గ్రీకుల సొత్తు అని. మనలో కూడా కొందరు దాన్ని నమ్మారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఆ మాట ఎంత పొరపాటో తెలుసుకోవడానికి ఈ భావితం విభాగం ఒక్కటి చదివితే చాలు.

భాస్కరుడు తన శ్లోకాలకు తానే రాసుకున్న వచన వివరణలో 'ఉపపత్తి' అంటే ఋజువు చెబుతాడు. అది ప్రతిచోటా రెండు రకాలుగా ఉంటుందంటాడు. ఒకటి క్షేత్రగతం, అంటే బొమ్మతో చూపేది. రెండోది రాశిగతం, అంటే సంఖ్యలతో చూపేది. బొమ్మతో అర్థం కానివారికి సంఖ్యలతో చూపించాలని కూడా అంటాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఆ మాట ఇవాళ్టి టీచర్లకూ పనికొస్తుంది.

ఆ బొమ్మ ఋజువుని మన భాషలో చెప్పుకుందాం. హైదరాబాదులోనో విజయవాడలోనో మీకొక ప్లాటు ఉందనుకోండి. పొడవు యా గజాలు, వెడల్పు కా గజాలు. మొత్తం విస్తీర్ణం యా × కా చదరపు గజాలు. అదే భావితం. రోడ్డు వెడల్పు చేస్తామని పొడవు వెంబడి 4 గజాల పట్టీ తీసుకున్నారు. పోయినది 4యా. పక్కవీధి కోసం వెడల్పు వెంబడి 3 గజాల పట్టీ తీసుకున్నారు. పోయినది 3కా. కాని మూలన 3 గజాలు, 4 గజాలు ఉన్న ముక్క రెండు పట్టీల్లోనూ ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాం. ఆ 12 చదరపు గజాలు తిరిగి కలపాలి. మీకు మిగిలిన ప్లాటు పొడవు యా − 3, వెడల్పు కా − 4. దాని విస్తీర్ణం ఎంత? భావితంలోంచి 4యా, 3కా తీసేస్తే లెక్క ప్రకారం 2 మిగులుతుంది. దానికి మూలముక్క 12 కలిపితే 14. గుణకాలు అటుదిటు ఎందుకు మారాయో, రెండు గుణకాల లబ్ధాన్ని స్థిరపదానికి ఎందుకు కలిపామో ఈ ఒక్క బొమ్మలో కళ్ళకు కనిపిస్తుంది.

ఇంకో విశేషం. ఈ ఋజువు తన సొంతమని భాస్కరుడు చెప్పుకోలేదు. పూర్వాచార్యులు సంక్షిప్తంగా చెప్పి ఉంచారని అన్నాడు. ఆ తరువాత, సుమారు 1600 ప్రాంతంలో జహంగీరు ఆస్థానంలో ఉన్న కృష్ణ దైవజ్ఞుడు 'బీజగణితా'నికి రాసిన వ్యాఖ్యానంలో ఇలాంటి ఉపపత్తులను మరింత వివరంగా రాశాడు. అంటే ఋజువు చెప్పే అలవాటు ఒక్క మనిషితో మొదలై అతనితో ముగిసిపోలేదు.

రుణ సంఖ్యలంటే బెదరని మనుషులు

అదే విభాగంలో ఇంకో లెక్క ఉంది. ఒక సంఖ్యకు పది రెట్లు, ఇంకోదానికి పద్నాలుగు రెట్లు కలిపి 58 తీసేస్తే, ఆ సంఖ్యల లబ్ధానికి రెట్టింపు వస్తుంది. సగం చేసి రాసుకుంటే:

యా × కా = 5యా + 7కా − 29

సూత్రం ప్రకారం 5 × 7 = 35, అందులోంచి 29 పోతే 6. అంటే (యా − 7) × (కా − 5) = 6. ఇష్టం 2 అనుకుంటే భాగఫలం 3. వాటిని కలిపితే 9, 8 ఒక జత. అటుదిటు చేస్తే 10, 7 ఇంకో జత. ఇక్కడితో ఆగకుండా, కలపడానికి బదులు తీసివేసినా సరిపోతుందని భాస్కరుడు చూపిస్తాడు. అప్పుడు 5, 2 ఒక జత. 4, 3 ఇంకో జత. కారణం మనకు తెలుసు: మైనస్ రెండుని మైనస్ మూడుతో గుణించినా ఆరే. రుణ సంఖ్యలను గుణించే నియమాలను బ్రహ్మగుప్తుడు 628లోనే అప్పులు, ఆస్తులు అనే మాటలతో రాసిపెట్టాడు. ఆ తరువాత వెయ్యేళ్ళకు కూడా యూరపులో కొందరు పెద్ద గణితవేత్తలు రుణ సంఖ్యలు అసలు సంఖ్యలేనా అని సందేహించారు.

పన్నెండు గజాల భుజం

కారణాంకాల పద్ధతి భావితంతో ఆగిపోలేదు. రెండు వర్గాల భేదం అంటే వాటి మూలాల మొత్తం, భేదాల లబ్ధం అని మనమందరం బట్టీ పట్టిన సర్వసమీకరణం ఉంది కదా. దాన్ని మనవాళ్ళు లంబకోణ త్రిభుజాల మీద ప్రయోగించారు.

'లీలావతి'లో భాస్కరుడు అడుగుతాడు: ఒక భుజం 12 ఉన్న లంబకోణ త్రిభుజాలకు కోటి, కర్ణం ఏమేమి కావచ్చు? కరణులు, అంటే తెగని వర్గమూలాలు, రాకూడదు. కర్ణం వర్గంలోంచి కోటి వర్గం తీసేస్తే 144 రావాలి. అంటే (కర్ణం − కోటి) × (కర్ణం + కోటి) = 144. భుజం వర్గాన్ని ఇష్టమైన సంఖ్యతో భాగించు, ఆ భాగఫలానికీ ఇష్టానికీ భేదంలో సగం కోటి, మొత్తంలో సగం కర్ణం అన్నది సూత్రం. మొత్తం, భేదం తెలిస్తే సంఖ్యలు రెండూ కనుక్కోవడాన్ని మనవాళ్ళు 'సంక్రమణం' అన్నారు.

144 = 2 × 72 అనుకుంటే కోటి 35, కర్ణం 37.
4 × 36 అనుకుంటే 16, 20.
6 × 24 అనుకుంటే 9, 15.
8 × 18 అనుకుంటే 5, 13.

మరి 1 × 144 ఎందుకు తీసుకోలేదు? ఒకటి బేసి, ఇంకోటి సరి. మొత్తం బేసి అవుతుంది, సగం చేస్తే భిన్నం వస్తుంది. పూర్ణసంఖ్యలు కావాలంటే రెండూ సరి కావాలి, లేదా రెండూ బేసి కావాలి. 12 × 12 తీసుకుంటే కోటి సున్నా అయి త్రిభుజమే ఉండదు. కాబట్టి పూర్ణసంఖ్యలతో నాలుగే త్రిభుజాలు. భాస్కరుడికి మాత్రం భిన్నాలతో పేచీ లేదు, కరణి రాకపోతే చాలు. ఈ తేడా మనం గుర్తుంచుకోవాలి. ఇవాళ్టి పూర్ణసంఖ్యల పట్టుదల అంతా ఆయనకు అంటగట్టకూడదు.

'వర్గ ప్రకృతి' అనే ప్రసిద్ధమైన సమీకరణాల్లో కూడా ఇదే కిటుకు పనిచేస్తుంది. ఏ సంఖ్య వర్గాన్ని 4తో గుణించి 33 కలిపితే మళ్ళీ వర్గం వస్తుంది? 4 స్వయంగా వర్గం కాబట్టి ఇది వర్గాల భేదమే. 33 = 3 × 11 తీసుకుంటే జవాబు 2; సరిచూస్తే 16 + 33 = 49. 33 = 1 × 33 తీసుకుంటే జవాబు 8; 256 + 33 = 289, అంటే 17 వర్గం. గుణకం వర్గం కాకపోతే ఇంత సులువు కాదు. అప్పుడు చక్రవాళ పద్ధతి కావాలి. గుణకం 61 ఉన్న లెక్కకు, ఒకటి కలిపితే వర్గం రావాలంటే, అతి చిన్న జవాబు 226153980. భాస్కరుడు దాన్ని 1150లో సాధించాడు. 1657లో ఫ్రాన్సులో పియేర్ ఫెర్మా తన మిత్రులకు సవాలుగా విసిరిన లెక్కల్లో సరిగ్గా ఈ 61 ఉండడం చరిత్రలో ఒక చిత్రమైన సంగతి.

తెలుగు నేలకు చుట్టరికం

బ్రహ్మగుప్తుడు నేటి రాజస్థాన్‌లోని భిన్మాల్‌కు చెందినవాడు. భాస్కరుడు 1114లో పుట్టాడు. ఆయన మనుమడు చాంగదేవుడు ఆ గ్రంథాలు చదివించడానికి పెట్టిన మఠం గురించి 1207 నాటి శాసనం మహారాష్ట్రలో చాలీస్‌గావ్ దగ్గరి పాటణ్‌లో ఉంది. మరి మన సంగతి?

సుమారు 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు సంస్కృతంలో 'గణిత సార సంగ్రహం' రాశాడు. ఇచ్చిన భుజం వర్గాన్ని ఇష్టసంఖ్యతో భాగించి సంక్రమణం చేసే పద్ధతి అందులోనూ ఉంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని జైన సంప్రదాయానికి బదులు తన శైవ సంప్రదాయాన్ని పెట్టాడు. నన్నయ భారతానికి దరిదాపుల కాలంలోనే మనకు లెక్కల పుస్తకం తెలుగులో ఉందన్నమాట. కావ్యాలకే కాదు, శాస్త్రానికీ తెలుగు సరిపోతుందని అప్పుడే తేల్చిచెప్పిన మనిషి మల్లన. మన సభల్లో నన్నయ పేరు వినిపించినంతగా ఆయన పేరు వినిపించదు.

చుట్టరికం ఇంకోటి మన నోట్లోనే ఉంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళం ఆల్జీబ్రాని బీజగణితం అంటాం. అది భాస్కరుడి పుస్తకం పేరే. భుజం, కోటి, కర్ణం కూడా ఆయన మాటలే.

అందరి సొత్తు

ఇక్కడ ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వర్గాల భేదం మనకొక్కరికే తెలిసిన రహస్యం కాదు. క్రీస్తు పూర్వం 1800 ప్రాంతపు బాబిలోనియా మట్టిపలక 'ప్లింప్టన్ 322' మీద లంబకోణ త్రిభుజాల సంఖ్యల పట్టిక ఉంది. అలెగ్జాండ్రియాకు చెందిన డయోఫాంటస్ కూడా భేదాన్ని రెండు కారణాంకాలుగా విడగొట్టి లెక్కలు చేశాడు. 1643 ప్రాంతంలో ఫెర్మా 2027651281 అనే సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాసి, అది 44021, 46061ల లబ్ధమని తేల్చాడు. ఆయనకు భాస్కరుడు తెలుసని చెప్పడానికి ఆధారాలేమీ లేవు.

మన గ్రంథాలు బయటికి వెళ్ళిన దారి వేరు. 'లీలావతి'ని 1587లో అక్బరు ఆస్థానంలోని ఫైజీ పారశీకంలోకి మార్చాడు. 'బీజగణితా'న్ని 1634 ప్రాంతంలో అతావుల్లా రుష్దీ పారశీకంలో రాశాడు. ఆ పారశీకం నుంచి స్ట్రాచీ 1813లో ఇంగ్లీషులో అచ్చువేశాడు. 1817లో కోల్‌బ్రూక్ నేరుగా సంస్కృతం నుంచి బ్రహ్మగుప్త, భాస్కరుల గణితాన్ని ఇంగ్లీషు చేశాడు. అప్పటికి యూరపు గణితవేత్తలు ఇవన్నీ తమ దారిలో తాము కనుక్కున్నారు.

మన జేబులోని తాళం

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతికి వద్దాం. 14కు కారణాంకాలు చెప్పడం నిమిషం పని. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఆ పని ఎంత కష్టమవుతుందో, ఆ కష్టం మీదే 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు ఒక తాళం కట్టారు. అదే ఆర్‌ఎస్‌ఏ. మీరు తెరిచిన వెబ్‌సైటు నిజంగా మీ బ్యాంకుదేనా అని తేల్చే సర్టిఫికెట్లలో ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడుకలో ఉంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి ఆ లబ్ధాన్ని లోకానికంతటికీ చెప్పేస్తారు. విడి సంఖ్యలు మాత్రం దాచుకుంటారు.

పాఠ్యపుస్తకాల్లో చిన్న ఉదాహరణగా 3233 ఇస్తారు. దీన్ని పగలగొట్టడానికి ఫెర్మా కిటుకు వాడి చూద్దాం. 3233 కంటే పెద్దదైన మొదటి వర్గం 57ది, 3249. భేదం 16, అంటే 4 వర్గం. కాబట్టి 3233 = (57 − 4) × (57 + 4) = 53 × 61. ఒక్క అడుగులో తాళం ఊడింది. ఎందుకంటే ఆ రెండు ప్రధాన సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. తాళం తయారుచేసేవాళ్ళు అవి మరీ దగ్గరగా ఉండకుండా జాగ్రత్తపడేది ఈ భయంతోనే. నిజం తాళాల్లో 2048 బిట్లు, అంటే 617 అంకెల సంఖ్యలు వాడతారు. ఆర్‌ఎస్‌ఏ సవాళ్ళలో 250 అంకెల సంఖ్యను 2020 ఫిబ్రవరిలో విడగొట్టగలిగారు. దానికి ఒక్క ప్రాసెసర్ కోర్ చేస్తే సుమారు 2700 ఏళ్ళు పట్టేంత పని అయింది.

ఇందులో మనవాళ్ళ పాత్ర కొత్త కాలంలోనూ ఉంది. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని ఎంత పెద్ద సంఖ్యకైనా త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుక్కున్నారు. కారణాంకాలు ఉన్నాయని తేల్చడం సులువే. అవేమిటో చెప్పడమే మామూలు కంప్యూటర్లకు ఇంకా కష్టం. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఆ పనీ సులువవుతుందని పీటర్ షోర్ 1994లో చూపాడు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కారణాంకాల మీద ఆధారపడని కొత్త తాళాలకు ప్రమాణాలు ప్రకటించింది.

పిల్లలకు ఏం చెబుదాం?

మన పిల్లలకు గణిత వారసత్వం చెప్పడంలో మనం రెండు తప్పుదారులు తొక్కుతుంటాం. ఒకటి, ఏమీ చెప్పకపోవడం. అప్పుడు వాడికి ఇది సైమన్ చిట్కాగానే మిగిలిపోతుంది. రెండోది, అన్నీ వేదాల్లోనే ఉన్నాయనడం. 1965లో అచ్చయిన 'వేదిక్ మ్యాథమెటిక్స్' పుస్తకంలోని సూత్రాలు మనకు లభించిన వేద గ్రంథాల్లో ఎక్కడా కనిపించవని గణిత చరిత్రకారులు చూపించారు. కాలేజీకి వెళ్ళాక పిల్లవాడికి ఆ సంగతి తెలిస్తే, మనం చెప్పిన మిగతా నిజాలను కూడా నమ్మడు. బ్రహ్మగుప్తుడు, భాస్కరుడు కూడా ఆ అనుమానం కింద నలిగిపోతారు. అది మనం వాళ్ళకు చేసే అన్యాయం.

వాళ్ళకు అతిశయోక్తి అవసరం లేదు. సంవత్సరం ఉంది, గ్రంథం ఉంది, లెక్క ఉంది, ఋజువు ఉంది. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో సైమన్ చిట్కాతో లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని కాగితం మీద ఒక ప్లాటు గీయండి, మూలముక్క రెండుసార్లు పోయిందేమో అడగండి. తరువాత 1150 అనే సంవత్సరం చెప్పండి. గొప్పలు చెప్పనక్కరలేదు, ఆ లెక్కే చెబుతుంది.

సరదాగా మీరూ ప్రయత్నించండి

1. ఇద్దరు మనుషులు కలిసి ఒక పనిని 6 రోజుల్లో పూర్తిచేస్తారు. విడివిడిగా చేస్తే ఒక్కొక్కరికీ పూర్ణసంఖ్యలో రోజులు పడతాయి. ఎన్ని విధాలుగా సాధ్యం?
2. చుట్టుకొలత, విస్తీర్ణం ఒకే సంఖ్య అయ్యే దీర్ఘచతురస్రాలు, భుజాలు పూర్ణసంఖ్యలుగా, ఎన్ని?
3. ఒక భుజం 15 ఉన్న పూర్ణసంఖ్యల లంబకోణ త్రిభుజాల్లో, ఆ 15 కర్ణం కానివి ఎన్ని?
4. రెండు పూర్ణసంఖ్యల వర్గాల భేదం 50 కాగలదా?

జవాబులు: 1. రోజులు యా, కా అనుకుంటే (యా − 6) × (కా − 6) = 36. అయిదు విధాలు: 7, 42; 8, 24; 9, 18; 10, 15; 12, 12. 2. (యా − 2) × (కా − 2) = 4. రెండు: భుజాలు 3, 6 ఉన్నది, అన్ని భుజాలూ 4 ఉన్న చతురస్రం. 3. నాలుగు: 225ను 1 × 225, 3 × 75, 5 × 45, 9 × 25గా విడగొడితే కోటి, కర్ణాలు వరుసగా 112, 113, 36, 39, 20, 25, 8, 17. 4. కాదు. 50ని ఎలా విడగొట్టినా ఒక కారణాంకం సరి, ఇంకోటి బేసి అవుతుంది.